సీసాలో ఇల్లరికం

సంచికి ఇన్ని అరలెందుకో ఆమెకు అంతుపట్టలేదు. పక్కల రెండు, ముందు రెండు, లోపల జాలీ గుడ్డతో ఒకటి, అడుగున చెప్పుల కోసమట మరొకటి. ఏది ఎందులో పెట్టిందో పెట్టిన మరుక్షణమే మరచిపోయి, ప్రతి జిప్పునూ బర్రున లాగి, లోపల తడిమి, మళ్ళీ బర్రున మూయడంతోనే పొద్దు పోతోంది. పూర్వం సంచి అంటే ఒక నోరూ ఒక కడుపూ. వేసిందేదో లోపల ఉండేది, కావాలంటే బోర్లించేవాళ్ళు. ఈ సంచి కుట్టినవాడు జన్మలో ఒక్కసారైనా ప్రయాణం చేశాడో లేదో, చేసినా వాడి బట్టలు వాళ్ళమ్మే సర్ది ఉంటుంది. జీపు గంటలో వస్తుందని ఫోను చేశారు. గంట అంటే ఆ నడిపేవాడి నోట్లో అరగంటా కావచ్చు, మధ్యాహ్నమూ కావచ్చు. ముందొస్తే హారన్ కొట్టి వీధి వీధంతా లేపుతాడు, ఆలస్యమైతే ఫోను ఎత్తడు. కోడలు చూస్తే స్నానానికి వెళ్ళి ఎంతసేపయిందో, నీళ్ళ చప్పుడు కూడా లేదు. లోపల నిలబడి ఏం ఆలోచిస్తున్నట్టు? ఆలోచించడానికి ప్రయోగశాల లేదూ, అక్కడ జీతమిచ్చి మరీ ఆలోచించమంటున్నారు కదా, ఇంట్లో స్నానాలగదిలో ఎందుకు?

పొడుగు చేతుల చొక్కాలు, మందపాటి మేజోళ్ళు, ఒంటికి పూసుకునే మందు, దోమతెర. దోమతెర దగ్గరే నిన్న అంగట్లో రక్తం మరిగింది. కొట్టువాడు చేతికందిన మామూలు తెర తీసి బల్లమీద పరిచి, ఇందులో దోమ దూరితే నా పేరు మార్చుకుంటా మామ్మగారూ అన్నాడు. దోమ కాదు నాయనా, ఈగ, ఇసుక ఈగ, దోమలో మూడో వంతు ఉండదు, ఈ కన్నాల్లోంచి పెళ్ళికొచ్చినట్టు నడిచి వస్తుంది, అంది. అంత చిన్నదానికి ఇంత భయమా అని వాడు నవ్వాడు. నవ్వడా మరి, వాడి కొడుకేమన్నా పోయాడా. చివరికి అటకమీంచి సన్నకన్నాల తెర దింపించేదాకా ఆమె కొట్టు వదల్లేదు. ఇప్పుడా తెర సంచిలో సగం మింగేసింది. తీసి మళ్ళీ మడత పెట్టింది. మడత పెట్టినకొద్దీ ఉబ్బుతోంది. నల్లజ్వరం పుట్టే ఊళ్ళకు ఈ పిల్ల ఒక్కతీ వెళుతోంది, మూణ్ణెల్లట, మహా అయితే నాలుగట. వస్తుందా రాదా అన్న ఒక్క మాట తప్ప తెల్లవారినప్పటి నుంచీ ఆమె మనసులో ఇంకో మాట లేదు. ఆ మాట పైకి అనకూడదు, శకునం బాగుండదు, అందుకని జిప్పుల్నీ కొట్టువాణ్నీ జీపునీ తిట్టుకుంటోంది.

కొడుకు వెళ్ళినప్పుడు ఇంత సర్దుడు లేదు. రోడ్లు కొలిచే ఉద్యోగం, మూడుకాళ్ళ స్టాండూ గొలుసులూ ఆఫీసువాళ్ళే ఇస్తారు, నాకు రెండు లుంగీలూ ఒక దువ్వెనా చాలమ్మా అన్నాడు. ఏటి అవతల ఊళ్ళకు రోడ్డు వేస్తారట, కొలవాలట. కొలిచి వచ్చాడు. ఆ రోడ్డు ఈరోజుకీ పడలేదు, మనిషి మాత్రం పడిపోయాడు. మొదట సాయంత్రాలు జ్వరం, తర్వాత ఎప్పుడు పడితే అప్పుడు జ్వరం. ఒక డాక్టరు చలిజ్వరమన్నాడు, ఇంకొకాయన నీటివల్ల అన్నాడు, మూడో ఆయన మనోవ్యాధి ఏమైనా ఉందా అని కోడల్ని పక్కకు పిలిచి అడిగాడు. మనోవ్యాధికి కడుపులో బల్ల పెరుగుతుందా అయ్యా, ఎడమపక్క చెయ్యి వేస్తే పలకలా తగులుతుంటే కనబడలేదా, ఒళ్ళు మసిబారుతుంటే కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు? ఆ మాట అప్పుడు అనలేకపోయింది. డాక్టరుగారూ, డాక్టరుగారూ అంటూ చేతులు కట్టుకుని నిలబడింది. ఇప్పుడంటే వినడానికి ఆయన ఎదురుగా లేడు. నాలుగో ఆయన ఎముకలోకి సూది పొడిచి మూలుగ తీసి నల్లజ్వరమన్నాడు, అప్పటికి ఆలస్యమైపోయింది. తీసిన దాంట్లో ఒక చుక్క కోడలు పనిచేసే ప్రయోగశాలకు వెళ్ళింది, అక్కడ సీసాలో వేశారు. మనిషి పోయాడు. సీసాలో చుక్క మొలకెత్తింది.

మొలకెత్తడమే. కోడలు అదే మాట అంది, ఏడ్చి ఏడ్చి వాచిన మొహంతో ఒక సాయంత్రం వచ్చి చెప్పులు విడుస్తూ, అత్తయ్యా, అది బతికింది అంది. ఏది బతికింది అని అడగలేదు ఈవిడ, అర్థమైంది. తోకలు ఊపుకుంటూ గుంపులు గుంపులుగా ఈదుతున్నాయట. కొడుకు ఒంట్లో పుట్టి పెరిగి కొడుకును తినేసినవి, గాజుసీసాలో గోరువెచ్చగా, వేళకు తిండితో, తోకలు ఊపుకుంటూ. ఏ తల్లికైనా ఏం చెయ్యాలనిపిస్తుంది, వెళ్ళి ఆ సీసా నేలకేసి కొట్టాలనిపిస్తుంది. కానీ ఆ పిల్ల మొహంలో, చాలా రోజుల తర్వాత, దీపం కొంచెం పైకి తిప్పినట్టు ఏదో కనిపించింది. దాంతో నోరు మూసుకుంది. మర్నాడు సాయంత్రం, ఏం మాట్లాడాలో తెలియక, ఎలా ఉన్నాయవి అని అడిగింది. బాగున్నాయత్తయ్యా అంది పిల్ల. అలా మొదలైంది. ఆ తర్వాత అన్నం దగ్గర కూర్చున్న ప్రతి రాత్రీ, ఎలా ఉంది నీ సీసా? బాగుందత్తయ్యా. తిండి మార్చావా? మార్చానత్తయ్యా. జ్వరమొచ్చి తను పడుకున్నా, చెల్లెలి కూతురి పెళ్ళైనా, పక్కింటివాళ్ళు విహారానికి రమ్మన్నా, మూడో రోజుకల్లా ఆ పిల్ల ప్రయోగశాలలో ఉండాలి. పాత సీసాలోంచి కాస్త తీసి కొత్త ద్రవం ఉన్న సీసాలో వెయ్యాలి, లేకపోతే చచ్చిపోతాయట. వేరే ఊళ్ళో పెద్ద ఉద్యోగం వస్తే వద్దంది. ఎవరో సంబంధం గురించి కదిపితే లేచి వెళ్ళి సీసాలు కడుక్కుంది. ఏం కాపురమమ్మా ఇది, పసిబిడ్డకైనా ఏడాది తిరిగితే పాలు మాన్పిస్తారు.

ప్రయోగశాలలో అందరూ దానికి అల్లుడుగారు అని పేరు పెట్టారట. వేడి కాస్త తగ్గినా అలిగేది, తిండి ఒక పూట ఆలస్యమైనా తోక ఊపడం మానేది, అందుకని. అది ఎవరి ఒంట్లోంచి వచ్చిందో కొత్తగా చేరినవాళ్ళకు తెలియదు, కోడలు చెప్పలేదు. ఇంటికొచ్చి నవ్వుతూ ఈవిడకు చెప్పింది. ఈవిడకు ఒళ్ళు మండింది, తర్వాత నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు మళ్ళీ ఒళ్ళు మండింది. వీళ్ళ పెద్దసారు, మాటకోసారి చెయ్యి తిప్పి చూసుకుంటాడని ఆయనకు గడియారం సారని పేరు, ఆయన కూడా అల్లుడుగారెలా ఉన్నారమ్మా అంటాడట. అందరికీ ఎగతాళే. దువ్వెన పెట్టిందా? పెట్టింది, జాలీ అరలో. కాదు, ఇది పళ్ళపొడి. దువ్వెన ఎక్కడ చచ్చింది?

ఈవిడ బడికి పోయింది లేదు. పుస్తకాలు కుట్టే షెడ్డులో పనిచేసి, మడతల కాగితాలు దారంతో కుడుతూ కుడుతూ అక్షరాలు పట్టుకుంది. అందువల్ల ఏ పుస్తకమూ మొదటి నుంచి చదివిన పాపాన పోలేదు. చేతికి ఏ మడత వస్తే అది. కథలో మనిషి ముందు చచ్చేవాడు, తర్వాతి వారం పెళ్ళి చేసుకునేవాడు. కళ్ళు మసకబారి కుట్టుపని మానేశాక గ్రంథాలయంలో శరీరం గురించిన పుస్తకాలు తెచ్చుకుని, ఈసారి పట్టుబట్టి మొదటి పేజీ నుంచి చదివింది. కోడలి మాట ఒక్కటైనా అర్థం కాకపోతే ఆ పిల్ల ఎవరితో మాట్లాడుతుంది? ఒంట్లో కాపలా కాసే కణాలుంటాయి, బయటిదేది వచ్చినా మింగేస్తాయి. ఈ పురుగు ఏం చేస్తుందయ్యా అంటే, కావాలనే మింగించుకుని, లోపలికి పోయి తోక ముడుచుకుని, ఆ కాపలావాడి కడుపులోనే కాపురం పెడుతుంది. ఎంత తెలివి, ఎంత సిగ్గులేనితనం. కాపలావాడూ ఊరుకోడు, దానిమీద నిప్పులు కురిపిస్తాడు. ఆ నిప్పు ఆర్పుకోవడానికి పురుగు దగ్గర ఒక ప్రోటీన్ ఉంది. అలాంటి పని చేసేది మన కణాల్లోనూ ఉంది, కానీ దాని పోలిక వేరు. కోడలు ఒక ఆదివారం ఆ ప్రోటీన్ బొమ్మ కంప్యూటర్లో చూపించింది. రంగురంగుల రిబ్బన్లు చిక్కుపడినట్టుంది, షెడ్డులో దారపు ఉండ పిల్లికి దొరికితే అలాగే అయ్యేది. చిక్కు మధ్యలో ఒక గుంట. ఈ గుంటలో మా మందు ముక్క వెళ్ళి కూర్చుందనుకోండి అత్తయ్యా, ఆ ప్రోటీన్ ఇక కదల్లేదు, పురుగు ఆ నిప్పుల్లో తనే మాడిపోతుంది, మన ప్రోటీన్‌కు గుంట వేరు కాబట్టి మనకేం కాదు. కూర్చోవడానికి అదేమన్నా పీటా అంది ఈవిడ. అవును పీటే, దానికే కొలతలు తీస్తున్నాం అని నవ్వింది పిల్ల. ఎన్నేళ్ళు తీశారో కొలతలు. అక్కడ వాడు కొలిచాడు, ఇక్కడ ఇది కొలిచింది, ఈ ఇంటికి కొలవడమే రాసిపెట్టి ఉంది కాబోలు.

కూర్చుంది, చివరికి ఒక మందు ముక్క ఆ పీటమీద కూర్చుంది. మందుతోపాటు కాపలావాడి నిప్పు లాంటిదీ కాస్త పోస్తే, సీసాలో అల్లుడుగారు తెల్లారేసరికి తోక జాడించడం మానేసి అడుక్కి దిగిపోయారట. గడియారం సారు ఆ రోజు గడియారం చూసుకోలేదట. ఇంట్లో పిల్ల కంచం ముందు కూర్చుని, అన్నం కలిపి, తినడం మరచిపోయి నవ్వుతూ కూర్చుంది. తర్వాత ఆ జ్వరాల ఊళ్ళ నుంచి ఒక రోగిని ఇక్కడి ఆసుపత్రికి తెచ్చారు. అతని మూలుగలోంచి తీసిన పురుగు మీద ఇదే మందు వేశారు. దానికి చీమ కుట్టినట్టైనా లేదు. ఇంకాస్త వేశారు, ఇంకా వేశారు, దిట్టంగా ఈదుతూనే ఉంది. కారణం వెతగ్గా వెతగ్గా తేలిందేమిటి? సీసాలో ఇన్నేళ్ళూ నిప్పులు పోసేవాడెవడూ లేడు. వేళకు తిండి, గోరువెచ్చని గది. ఇక ఆ ప్రోటీన్‌తో దానికేం పని? తయారుచేయడమే తగ్గించేసింది. కొత్త పురుగు దాన్ని బస్తాలకొద్దీ చేస్తోంది, ఇది చిటికెడు. చిటికెడును కట్టిపడేసి, జబ్బునే కట్టిపడేశామని వీళ్ళు మురిసిపోయారు. మొదట్లో ఆ పురుగుల్ని మంచులా గడ్డకట్టించి దాచిన గొట్టాలైనా ఉన్నాయా అంటే, ఏదో వేసవిలో ఆ చలిడబ్బాలో ద్రవం నింపేవాడు సెలవు పెట్టి పోయాడట, అన్నీ పోయాయి. సార్ అందరి ముందూ అన్నాడట: అల్లుణ్ని ఇల్లరికం తెచ్చుకున్నావమ్మా, బయటికి పోయి బతకడం మరచిపోయాడు, వాడి మీద పరీక్ష పెట్టి ప్రపంచానికి మందు కనిపెట్టామనుకున్నాం. ఆ రాత్రి పిల్ల ఆ మాటే చెప్పి, గోడవైపు తిరిగి పడుకుంది. ఎలా ఉంది సీసా అని ఈవిడ అడగలేదు. మర్నాడు అడిగింది. బాగుందత్తయ్యా అంది పిల్ల. ఇంకా బాగుండటమేమిటి? పనికిరాదని తేలిపోయాక కూడా దానికి తిండి ఎందుకు? అడగాలనుకుంది, నోటిదాకా వచ్చింది, మింగింది. మొగుడి తాలూకు చివరి చుక్క అనుకుంటోంది కాబోలు, వెర్రిపిల్ల.

ఇప్పుడు కొత్త పురుగులు కావాలి. ఒకటి కాదు, చాలామంది రోగుల నుంచి, అక్కడే, తాజాగా. అందుకీ ప్రయాణం. ఇంకెవరూ లేనట్టు ఈ పిల్లే. ఈవిడ చిన్నప్పుడు తండ్రి కాలువ పనులకని వెళుతూ, వీధి మలుపులో వెనక్కి తిరిగి, లోపలికి పో ఎండగా ఉంది అన్నాడు, అంతే, ఆ ఎండా ఆ మాటా మిగిలాయి. భర్త చిన్న కోత ఆపరేషనని ఆసుపత్రికి నడిచి వెళ్ళాడు, రేపు సాయంత్రం కటకటాల తలుపుకి నూనె వేస్తానన్నాడు, అది ఎన్నేళ్ళు కీచుమందో. కొడుకు సరే సరి. అందరూ ఒకేలా వెళతారు, ఏదో పనికిమాలిన మాట ఒకటి గుమ్మంలో పడేసి వెళతారు, తర్వాత దాన్ని పట్టుకుని బతకమంటారు. ఒక్కరైనా నిలబడి, కూర్చోబెట్టి, సరిగ్గా ఒక మాట చెప్పి వెళ్ళారా? దువ్వెన దొరికింది, చెప్పుల అరలో. చెప్పుల అరలో దువ్వెన ఎవరు పెడతారు? తనే పెట్టింది.

తలుపు తెరుచుకుంది. కోడలు తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చి, సంచి చూసి, "ఇదేంటత్తయ్యా, కాపురానికి పంపుతున్నట్టు సర్దారు" అంది.

"నోర్ముయ్. జీపు వచ్చే వేళయింది. తల ఆరేదాకా వాడు ఆగుతాడా? అయినా లోపల ఏం చేస్తున్నావే ఇంతసేపు?"

"ఏం లేదు."

"ఏం లేకపోవడానికి ఇంతసేపా? అది సరే, నీ సీసా ఎవరికి అప్పజెప్పావు? ఆ కొత్తగా చేరిన పిల్లకా? దానికి తన జడే తనకి వేసుకోవడం రాదు, మూడో రోజు గుర్తుంచుకుంటుందా?"

కోడలు మంచం అంచున కూర్చుంది. తువ్వాలు కొసతో చెవి తుడుచుకుంది, తుడిచిన చెవినే మళ్ళీ తుడుచుకుంది.

"పారబోశానత్తయ్యా. నిన్న సాయంత్రం. బ్లీచింగ్ నీళ్ళు పోసి, ఉడకబెట్టి, పారబోశాను. ఎలా చెప్పాలో తెలీక లోపల నిలబడ్డాను."

"పారబోశావా?"

"కోప్పడకండి. ఇన్నాళ్ళూ మీకోసమే ఉంచాను. సార్ ఎప్పుడో తీసెయ్యమన్నాడు. రోజూ మీరు అడుగుతున్నారు కదా, ఎలా ఉంది, తిండి మార్చావా అని. ఆయన గుర్తు మీకు అదొక్కటే మిగిలిందేమో, లేదంటే తట్టుకోలేరేమోనని."

ఆమె చేతిలో దువ్వెన అలాగే ఉంది. మాట అరుపుగా వచ్చింది.

"నాకోసమా! నాకెందుకే ఆ దరిద్రం? నా కొడుకును తిన్నదానికి నేను క్షేమసమాచారాలు అడుగుతానా? నువ్వు దాన్ని చూసుకుని బతుకుతున్నావని, అడక్కపోతే నొచ్చుకుంటావని అడిగాను. ఆ సీసా నేలకేసి కొట్టాలని ఉన్నా అడిగాను!"

"నాకోసమా?" అంది కోడలు. కళ్ళు పెద్దవయ్యాయి. "నాకు దాన్ని చూస్తేనే వణుకొచ్చేదత్తయ్యా. సీసా పట్టుకున్న ప్రతిసారీ. ఎన్ని పెళ్ళిళ్ళు మానేశాను, ఎన్ని ఆదివారాలు…"

"మానెయ్యమని ఎవరన్నారు?"

"అడగడం మానొచ్చుగా మీరు?"

"చెప్పొచ్చుగా నువ్వు?"

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరికి నవ్వొచ్చిందో తెలియదు. ఆమెకు నవ్వుతోపాటు దగ్గొచ్చింది, కోడలు వీపు నిమిరింది, నిమురుతూ ఏడ్చింది. ఛీ ఛీ, ఇంత చదువు చదివి ఇది, ఇంత వయసొచ్చి తను, ఒకరికోసం ఒకరు ఒక పురుగును అల్లుడిలా మేపారు, అది బలిసి పనికిరాకుండా పోయింది, దానివల్ల మందు ఇన్నేళ్ళు వెనక్కి పోయింది. అక్కడ ఎందరి కడుపుల్లో బల్లలు పెరుగుతున్నాయో. ఎవరితో చెప్పుకుంటే నమ్ముతారు? గడియారం సారుతో చెబితే ఏ మొహం పెట్టుకుంటాడు? ఇంట్లో రెండు నోళ్ళుండి, రెండూ అన్నం తినడానికి తప్ప తెరుచుకోలేదు. ఆమెకు తనమీదా కోడలిమీదా, పోయినవాడిమీద కూడా పట్టరాని విసుగొచ్చింది. ఆ విసుగు కిందనుంచి ఇంకొకటి, చల్లగా, నెమ్మదిగా పైకి వచ్చింది. మూడో రోజుకల్లా ఈ పిల్లను ఈ ఊరికి, ఈ ఇంటికి, ఈ కంచం ముందుకు లాక్కొచ్చిన తాడు ఆ సీసాయే. పెద్ద ఉద్యోగం వద్దనిపించింది అదే. సంబంధాలు తిప్పికొట్టింది అదే. నిన్న సాయంత్రం బ్లీచింగ్ నీళ్ళలో పోయింది అదే. ఇక ఈ పిల్ల వెనక్కి రావడానికి ఇక్కడ ఏముంది? కీళ్ళు పట్టేసిన ఒక ముసలిది, దానికి వేళకింత తిండి, గోరువెచ్చని గది. అత్తయ్యా ఒంట్లో ఎలా ఉంది? బాగుందమ్మా. మళ్ళీ అదే పాట, సీసా మారుతుందంతే. ఆ ఆలోచన ఎంత చేదుగా ఉందంటే, ఆమె లేచి కిటికీ రెక్క అవసరం లేకుండా తెరిచి, అవసరం లేకుండా మూసింది.

వీధిలో హారన్ మోగింది. ఒకటి కాదు, నాలుగు. చెప్పినట్టే వీధి వీధంతా తలుపులు తీసి చూసింది.

"వస్తున్నాం ఉండవయ్యా, చెవులు పోయాయనుకున్నావా ఊళ్ళోవాళ్ళకి" అంటూ ఆమె సంచి జిప్పు లాగింది. అది పట్టేసింది. కోడలు మోకాలితో తెర అదిమిపట్టింది, ఆమె లాగింది, ఈసారి మూసుకుంది. గుమ్మంలో కోడలు వంగి కాళ్ళకు దణ్ణం పెట్టబోతే మధ్యలోనే రెక్క పట్టి లేపింది. చెప్పాల్సిన మాట ఏదో ఆమెకు తెలుసు. జాగ్రత్త, తొందరగా వచ్చెయ్. నోట్లోనే ఉంది. ఎన్నేళ్ళుగానో ఎందరికో చెప్పి చెప్పి అరిగిపోయిన మాట, ఈ పిల్లకు చెబితే అరగదు, తు.చ. తప్పకుండా పాటిస్తుంది, మూడు నెలలు నిండేసరికి తిరిగొచ్చి కంచం ముందు కూర్చుంటుంది. అదే భయం.

"ఇదిగో అమ్మాయ్, విను" అంది ఆమె, విసుగ్గానే. "అక్కడ పని బాగుంటే అక్కడే చేసుకో. మంచి మనుషులు కనబడితే వాళ్ళతోనే ఉండు. నాకు తోచదనీ, నేను అడుగుతాననీ రావద్దు. నేను అడగను. నా చెల్లెలుంది, గ్రంథాలయం ఉంది, నేను సీసాలో పురుగును కాను. అర్థమైందా?"

"అత్తయ్యా…"

"అర్థమైందా అని అడిగాను. అవునో కాదో చెప్పు. ఈ ఇంట్లో ఒక్కసారైనా ఎవరో ఒకరు సరిగ్గా చెప్పండి."

"అర్థమైంది" అంది కోడలు.

"తల ఆరలేదు, జలుబు చేస్తుంది, కిటికీ పక్కన కూర్చోకు. పో ఇక, వాడు మళ్ళీ మోగిస్తాడు."

వాడు మళ్ళీ మోగించాడు. జీపు కదిలి, సందు చివర చెత్తబండి అడ్డొచ్చి ఆగి, ఇద్దరు డ్రైవర్లూ ఒకరినొకరు తిట్టుకుని, మలుపు తిరిగింది.

కొడుకు జ్వరంతోనైనా ఇంటికి వచ్చి పోయాడు. కోడలు రాలేదు. ఎండలు ముదరకముందు వెళ్ళింది, గడువు దాటాక ఫోను చేసి వానలు వెలిశాక వస్తానంది, చలికాలం చివర అక్కడి జ్వరాల ఆసుపత్రిలో ఉద్యోగం ఒప్పుకుంది. ఇక రాలేదు.